పెంటారెడ్డి సార్ సంతకం పెట్టని కాగితం

పెంటారెడ్డి సార్ ఇక లేరన్న వార్త పోయిన మంగళవారం పొద్దున మా కాలేజీ పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో చూశాను. అప్పుడు ఆఫీసు బస్సులో ఉన్నాను. ఆయన ఫొటో ఒకటి, కింద చేతులు జోడించిన బొమ్మ, దాని కింద వరుసగా ముప్ఫై నలభై అవే బొమ్మలు. ఆ వరుస ఇంకా సాగుతుండగానే మా సహాధ్యాయి ఒకడు కొంగరకలాన్ దగ్గర తూర్పు ముఖం ప్లాటు ఉందని, ఆసక్తి ఉన్నవాళ్ళు ఫోన్ చేయాలని పెట్టాడు. అలవాటు కొద్దీ దానికీ ఇద్దరు చేతులు జోడించారు. నిశ్చేష్టురాలినై ఆ తెరనే చూస్తూ కూర్చున్నాను. దుఃఖం తరువాత వచ్చింది. ముందు వచ్చింది వెగటు.

బస్సు దిగి ఆయన భార్య అండాలమ్మకు ఫోన్ చేశాను. ఆమె గొంతు తడి లేకుండా ఉంది. "పొద్దుగాల చాయ్ తాగిండు బిడ్డ. గ్లాసు కింద వెట్టి, ఎదల జర మండుతున్నదన్నడు. దవాఖానకు పోదాం లే అని నేను చెప్పులు ఏసుకునేలోపట్నే ఒరిగిండు" అంది. 

సాయంత్రానికి కాలేజీ గేటు దగ్గర ఫ్లెక్సీ వెలిసింది. అందులో సార్ బొమ్మ అరచెయ్యంత, కరస్పాండెంటు గారి బొమ్మ నిలువెత్తు. కింద 'మా కుటుంబ సభ్యునికి అశ్రునివాళి' అని ఎర్రటి అక్షరాలు. ఆ కుటుంబమే కొన్నేళ్ళ కిందట ఆయన్ని గేటు బయటికి పంపింది. పంపడానికి వాడుకున్న కాగితం మీది సంతకం నాది. నేను ఈ నాలుగు మాటలు రాయడానికి కూర్చున్నది ఆ సంగతి చెప్పడానికే. అయితే, దానికన్నా ముందు ఆయన ఎటువంటి మనిషో చెప్పాలి.

శేరిగూడలో మేము చదివిన ఇంజనీరింగు కాలేజీలో ఆయన కంప్యూటర్ హార్డ్‌వేర్ ల్యాబ్ టెక్నీషియన్. అధ్యాపకుడు కాదు. ఐటీఐ దాకా చదివారు. ఇబ్రహీంపట్నం పక్కన తరతరాలుగా సేద్యం చేసుకున్న కుటుంబం వారిది. ఆ పొలాలు ప్లాట్లయిన రోజుల్లో తమ్ముళ్ళు పెద్ద కార్లు కొన్నారు, మెడల్లో గొలుసులు వేసుకున్నారు, మాట్లాడే తీరు కూడా మార్చుకున్నారు. ఈయన మాత్రం తన వాటాతో ఇంటికి స్లాబు వేయించుకుని, మర్నాడు ఎప్పటిలాగే పాత స్కూటర్ మీద ల్యాబుకు వచ్చారు. ఇంకా ఈ ఉద్యోగమెందుకని ఎవరో అడిగితే, "ఇంట్ల కూసుంటె గోడలు జూసి రోత పుడ్తది" అన్నారట. రోత అన్నది ఆయన నోట తరచుగా వినబడే మాట. నాసిరకం పని చూసినా, అబద్ధం విన్నా, పైపూత కనబడినా మొహం పక్కకు తిప్పుకుని ఆ ఒక్కమాటే అనేవారు.

మొదటి సంవత్సరంలో ల్యాబుకు వెళ్ళిన మొదటి రోజునే ఆయన పేరు విని మాలో ఒకడు కిసుక్కుమన్నాడు. ఆయన కోప్పడలేదు. చేతిలోని స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టి మా వైపు తిరిగారు. "నాకంటె ముందుగాల ముగ్గురు పుట్టి పోయిండ్రు. నేను పుట్టంగనే మా అమ్మ నన్ను పెంటకుప్ప మీద పండవెట్టి, మళ్ళ ఎత్తుకొచ్చి ఈ పేరు వెట్టింది. యముడు గూడ అసయ్యపడి ఇడిచిపెట్టాలె అని. ఆమె అనుకున్నది అయింది. ఇగ మీరు నవ్వుకుంటె నాకేం ఫికర్ లేదు" అన్నారు. నవ్వినవాడు ఆ ఏడాదంతా ఆయన వెనకే తిరిగాడు.

మాది కృష్ణా జిల్లా వైపు ఊరు. నాన్న ఇక్కడి వెంచర్లలో ఇళ్ళ నిర్మాణానికి సూపర్‌వైజరుగా వచ్చి స్థిరపడ్డారు. నేను రెండో సంవత్సరంలో ఉండగా, పిల్లలకు ట్యూషన్లు చెప్పి కూడబెట్టుకున్న సొమ్ముతో సొంతంగా ఒక గేమింగ్ కంప్యూటర్ బిగించుకోవాలనుకున్నాను. మా పెద్దమ్మ కొడుకు ఇంట్లో ఒక కారు పందెం ఆట ఆడాను, అప్పటినుంచి దాని మీదే ధ్యాస. ఏయే భాగాలు కొనాలో నెల రోజులు ఇంటర్నెట్‌లో చదివి, జాబితా రాసుకుని సార్ దగ్గరికి తీసుకుపోయాను.

ఆయన జాబితా చూడకుండా ముందు నా మొహం చూశారు. "దేనికి బిడ్డ ఇది?"

"ప్రాజెక్టు కోసం సార్."

"ప్రాజెక్టుకు ల్యాబ్‌ల ఉన్న డబ్బాలు సాలు. నిజం జెప్పు. దేనికో నిజం జెప్తెనే ఏ సామాను గావాల్నో తెలుస్తది."

"ఆటలాడుకోవడానికి సార్" అన్నాను, తల దించుకుని.

"గిది జెప్పనీకి సిగ్గెందుకు. ఏం ఆట? నాకు సూపియ్యి."

నా ఫోన్‌లో ఆ ఆట వీడియో ఆసాంతం చూశారు. తరువాత నా జాబితా తీసుకుని ఎర్ర పెన్నుతో మొదట కొట్టేసింది గాజు పలకలు, రంగురంగుల దీపాలు ఉన్న క్యాబినెట్‌ను. "పెండ్లి బరాత్ తీస్తున్నవా?" అన్నారు. అతి ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు రాసుకున్నాను. ఆటలోని బొమ్మల్ని గీసి తెర మీదికి పంపేది అదే కాబట్టి, ఎంత పెద్దది కొంటే అంత గొప్ప అనుకున్నాను. దానికోసం పవర్ సప్లై దగ్గర పొదుపు చేసి, పేరైనా వినని చవకరకం రాశాను. గోడలోని కరెంటు తీసుకుని లోపలి భాగాలన్నిటికీ పంచేది ఆ పవర్ సప్లై. ఆయన దాని చుట్టూ గుండ్రంగా గీత గీశారు. "కంటికి కనబడేది ఆఖర్ల కొను బిడ్డ. కనబడనిది ముందుగాల కొను. కార్డు చిన్నదైతె బొమ్మ జర తక్కువ కనబడ్తది, గంతే. ఇది ఖరాబైతె పక్కనున్నవాటిని గూడ తీస్కపోతది." ఆ మాట ఆయన మా ముందు బ్యాచులకూ చెప్పారు, మా తరువాతి వాళ్ళకూ చెప్పారు. దాని పూర్తి అర్థం మాకు తెలియడానికి ఇంకా రెండేళ్ళు పట్టింది.

శనివారం ఇద్దరం బస్సెక్కి సికింద్రాబాదులోని కంప్యూటర్ల బజారుకు వెళ్ళాం. మొదటి దుకాణంలో యజమాని తియ్యగా మాట్లాడాడు, కుర్చీలు వేయించాడు, నా బడ్జెట్‌లోనే నేను కలలో కూడా అనుకోనంత పెద్ద గ్రాఫిక్స్ కార్డు తెచ్చి ముందు పెట్టాడు. కొత్త అట్టపెట్టె, కొత్త సంచి. నా గుండె ఎగిరిపడింది. సార్ ఆ కార్డును వెలుతురుకు తిప్పి చూశారు. తరువాత ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు.

"ఏంది సార్, దుకాణంల వాసన జూసుడు? ఇవేమన్న చాపలా?" అన్నాడు యజమాని నవ్వుతూ.

"చాపలమ్మెటామె నయం. అడిగితె మొప్ప లేపి సూపెడ్తది" అన్నారు సార్.

కార్డు నా ముక్కు దగ్గర పెట్టారు. మాడిన నూనె వాసన లాంటిది వచ్చింది. స్క్రూల తలలు అరిగి ఉన్నాయి, ఫ్యాను వెనకాల తుడిచినా పోని జిడ్డు చార ఉంది. నెట్‌లో క్రిప్టో నాణేలు తవ్వే వ్యాపారంలో ఏడాది పాటు విరామం లేకుండా నడిచి అలిసిపోయిన సరుకు అది. పాత సరుకని చెప్పి అమ్మితే తప్పు లేదని, కొత్త పెట్టెలో పెట్టి ఒక ఆడపిల్ల ట్యూషన్ డబ్బు లాగడం రోత అని, దుకాణంలోని నలుగురూ వినేలా నెమ్మదిగా చెప్పి లేచారు. మరో మూడు దుకాణాలు తిరిగి, నేను అనుకున్నదాంట్లో సగం శక్తి ఉన్న కొత్త కార్డు, పవర్ సప్లై మాత్రం ఆయన మెచ్చినది కొన్నాం. బస్సులో ఆ పవర్ సప్లై పెట్టె ఆయన ఒళ్ళోనే పెట్టుకున్నారు.

ఆదివారం మా ఇంట్లో బిగింపు. వచ్చీ రాగానే నిమ్మ సబ్బుతో చేతులు కడుక్కుని, తుడుచుకుని, కుర్చీలో కూర్చుని ఆ చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. రెండు గంటలసేపు మళ్ళీ తీయలేదు. అంతా నాచేతే చేయించారు. చివరికి మీట నొక్కితే ఫ్యాన్లు తిరిగాయి కానీ తెర మీద ఏమీ రాలేదు. నాకు ఏడుపొచ్చింది. మీరొక్కసారి చూడండి సార్ అని బతిమాలాను. "నేను చెయ్యి వెడ్తె అది నాదైతది. మొదటికెల్లి సూసుకుంట రా" అన్నారు. ర్యామ్ ఒకవైపు సరిగా దిగలేదని గంట తరువాత నేనే పట్టుకున్నాను. తెర వెలిగినప్పుడు ఆయన మొహంలో కనబడినంత ఆనందం నేను డిగ్రీ తీసుకున్న రోజున మా ఇంట్లో ఎవరి మొహంలోనూ చూడలేదు.

అంతలో నాన్న వచ్చారు. "ఎంత బాగా చదువుకుంటుందోనండీ దీంతో" అన్నారు మురిసిపోతూ. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"చదువుకు గాదు సార్, ఆటలకు" అన్నారు పెంటారెడ్డి సార్.

నాన్న మొహం మాడింది. "ఆడపిల్లకి ఆటలేంటండీ? మీరైనా చెప్పొద్దా?"

"నేను చెప్పేది ఒక్కటే సార్. గీ పని కోసం మీ బిడ్డ నెల రోజులు చదివింది. సొంత కమాయితోని కొన్నది. తప్పు జేసి, ఆ తప్పును తనే పట్టుకున్నది. మా కాలేజీల నాలుగేండ్లు చదివి పోయెటోళ్ళకు గీ మూడు రావు. ఇగ ఆట సంగతి మీరు మీరు సూస్కోండ్రి."

నాన్న ఆయనకు కాఫీ పెట్టించారు. ఆ తరువాత నా ఆటల గురించి ఎప్పుడూ మాట్లాడలేదు.

ఇక రాయడానికి చెయ్యి రాని భాగం. నేను ఆఖరి సంవత్సరంలో ఉండగా, తనిఖీ బృందం వస్తుందని కాలేజీ హడావిడిగా అరవై కంప్యూటర్లు కొన్నది. సరఫరా చేసినవాడు కరస్పాండెంటు బావమరిది. సార్ అలవాటు ప్రకారం ఒకదాన్ని విప్పారు. లోపల పాత బోర్డు, తుడిచి కొత్త కాగితం అతికించింది. రెండోది విప్పారు, మూడోది విప్పారు, అన్నీ అంతే. పవర్ సప్లైలు చేత్తో పట్టుకుంటే రేకు డబ్బాల్లా తేలికగా ఉన్నాయి. నన్ను పిలిచి చూపించారు. నేను మా కంప్యూటర్ శాఖ విద్యార్థి ప్రతినిధిని. లోపలి భాగాలు ఉబ్బి ఉండడం నా కళ్ళతో చూశాను.

సరుకు కొత్తది, నాణ్యమైనది అని రాసి ఉన్న కాగితం ఆయన ముందు పెట్టారు. ఆయన సంతకం పెట్టలేదు. కరస్పాండెంటు తన గదికి పిలిపించుకుని ఎంత చెప్పినా పెట్టలేదు. "తెల్ల కాయితం మీద పెట్టుమంటె పెడ్త సార్. దీని మీద పెట్టను" అన్నారట. అప్పుడు నన్ను పిలిచారు. విద్యార్థి ప్రతినిధి సంతకం ఉన్నా సరిపోతుందన్నారు. నా ప్రాజెక్టు మార్కుల కాగితం కూడా ఆ బల్ల మీదే, అదే ఫైలు పక్కన ఉంది. దాని గురించి ఎవరూ నోరెత్తలేదు. ఎత్తవలసిన అవసరమూ లేకపోయింది. నేను చదివాను, పెన్ను అడిగాను, పెట్టాను. కరస్పాండెంటు గారే మూత తీసి, ఆ పెన్ను మర్యాదగా నా చేతికి అందించారు.

మర్నాడు ల్యాబులో సార్ అడిగారు. "చదివే పెట్టినవా?"

"చదివాను సార్."

"సరే" అన్నారు. ఆ తరువాత నాతో ఎప్పటిలాగే ఉన్నారు. అదే నేను భరించలేకపోయాను. తిట్టి ఉంటే ఆయన్ని అసహ్యించుకుని, నన్ను నేను క్షమించుకునేదాన్ని.

నాలుగు నెలలు తిరగకుండానే ఆ కంప్యూటర్లలో ఒకదాని పవర్ సప్లై పేలింది. మౌనిక అనే మొదటి సంవత్సరం అమ్మాయి మీట నొక్కుతుండగా మంట వచ్చి ఆమె కుడి అరచెయ్యి కాలింది. ఆమె తల్లిదండ్రులు వచ్చి నిలదీశారు. కాలేజీ నా సంతకం ఉన్న కాగితం చూపించింది. యంత్రాలు కొత్తవి, నాణ్యమైనవి, విద్యార్థులే ఒప్పుకున్నారు. కనుక లోపం వాటిది కాదు, వాటిని చూసుకోవలసిన టెక్నీషియనుది. ఆ వారంలోనే పెంటారెడ్డి సార్‌ను తీసేశారు. నేను పరీక్షలు రాశాను, మార్కులు తెచ్చుకున్నాను, నగరంలో ఉద్యోగం తెచ్చుకున్నాను.

ఆయన తమ ఇంటి ముందు గదిలో బల్ల వేసుకుని మరమ్మతులు మొదలుపెట్టారు. కొత్త కాలనీల పిల్లలు గేమింగ్ కంప్యూటర్ చేసిపెట్టమని వచ్చేవారు. చవక పవర్ సప్లై వేయమంటే ఆయన వేయనని పంపేసేవారు. వాళ్ళు రోడ్డవతల దుకాణానికి పోయి, రంగు దీపాలు పెట్టించుకుని, మళ్ళీ ఈయన ఇంటి ముందునుంచే తీసుకుపోయేవారు. అక్కడికి ఒకసారి వెళ్ళాను. చెప్పాలనుకున్నది చెప్పాను. వింటూనే ఉన్నారు, ఒక స్క్రూ తిప్పుతూనే ఉన్నారు.

"మాఫ్ చేసుడు నా చేతుల లేదు బిడ్డ" అన్నారు చివరికి. "నాదేం పోయింది? నౌకరి పోయింది, గంతే. ఇంకోసారి గసొంటి కాయితం నీ ముంగటికొస్తది. గప్పుడు సూస్కో."

వచ్చింది. నేను చేస్తున్న ఉద్యోగంలో రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ పెట్టలేదు. ఈ మాట గొప్ప కోసం రాయడం లేదు. ఆయనకు ఫోన్ చేసి చెప్పడానికి కూడా నాకు మొహం చెల్లలేదు, అందుకు రాస్తున్నాను.

శుక్రవారం కాలేజీలో సంతాప సభ పెట్టారు. మంచి ఉద్యోగంలో ఉన్న పూర్వ విద్యార్థినిగా నన్ను వేదిక మీదికి పిలిచారు. కరస్పాండెంటు గారు పెంటారెడ్డి తమకు సోదరసమానుడని, నిబద్ధతకు మారుపేరని, ఆయన మరణం తీరని లోటని అన్నారు. ఆ మూడు ముక్కలూ ఒక కాగితంలో చూసి చదివారు. తరువాత మైకు నాకిచ్చారు. నేను ఇక్కడ రాసినదంతా అక్కడ చెప్పాను. అరవై కంప్యూటర్లు, ఉబ్బిన భాగాలు, బావమరిది, నా సంతకం, అన్నీ. హాలులో ఏదో ఒకటి జరుగుతుందనుకున్నాను. ముందు వరుసలో ఒకాయన ఫోన్ చూసుకుంటున్నాడు. నేను ముగించగానే చప్పట్లు కొట్టారు. కరస్పాండెంటు గారు లేచి, "చాలా హృద్యంగా మాట్లాడారు" అని నా భుజాల మీద శాలువా కప్పారు. ఫొటో తీశారు. ఒక మనిషి నిజాన్ని దాచిపెట్టడం చూశాను, దబాయించడం చూశాను. నిజానికి శాలువా కప్పి సాగనంపడం మొదటిసారి చూశాను. బయటికొచ్చి ఆ శాలువా గేటు కడ్డీకి తగిలించి, గేటు పక్కన వాంతి చేసుకున్నాను.

అక్కడినుంచి నేరుగా అండాలమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆమె సభకు రాలేదు. జరిగింది చెబితే ఆమె ఆశ్చర్యపోలేదు. "నాకు జెప్తె ఏమొస్తది, వాళ్ళకు జెప్తె ఏమొస్తది" అంది. "చెయ్యి కాలిన పొల్ల ఈ ఊర్లనే ఉన్నది. ఆమెకు జెప్పినవా?"

చెప్పలేదు. ఇన్నేళ్ళలో ఆ ఆలోచనే నాకు రాలేదు. అంతసేపూ నా ఆత్మగ్లానిని తూచుకుంటూ కూర్చున్నానే తప్ప, ఎవరి అరచెయ్యి కాలిందో వాళ్ళు ఎవరిని నిందిస్తున్నారో అడగలేదు.

మౌనిక నంబరు సంపాదించి ఫోన్ చేశాను. సార్ పేరు చెప్పగానే ఆమె, "నాకు ఆయన మీద కోపం లేదక్కా. నేను దవాఖానల ఉన్నప్పుడు వచ్చి మంచం పక్కన నిలవడ్డడు. 'నా ల్యాబ్‌ల కాలింది బిడ్డ, తప్పు నాదే' అన్నడు. నేను గప్పుడే మాఫ్ చేసిన" అంది.

ఎవరి పేరూ చెప్పలేదు ఆయన. వద్దన్న యంత్రాలు తన గదిలో నడవనిచ్చినందుకు, ఆ తప్పు తన మీదే వేసుకుని వచ్చేశారు. నేను మౌనికకు మొత్తం చెప్పాను. 

"మాఫ్ చేసిన అనుకున్న గని అక్కా," అంది, "ఆ ఇంటి ముంగట పోయినప్పుడల్ల మొకం తిప్పుకొని పోయిన. ఆయన బయటనే కూసుండెటోడు. నన్ను జూసి లేసి నిలవడెటోడు. ఆయన బతికున్నప్పుడు చెప్పాల్సుండె నువ్వు."

ఆమె ఫోన్ పెట్టేసింది.

ఇబ్రహీంపట్నంలో ఇవాళ కంప్యూటర్లు బిగించేవాళ్ళు వీధికొకరున్నారు. విప్పి చూసి, చూసింది చూసినట్టు చెప్పగల మనిషి ఒక్కరే ఉండేవారు. ఆయనకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఈ నమస్కారం ఆయనకు చేరదని తెలిసే చేస్తున్నాను. పెంటారెడ్డి సార్ చనిపోయింది పోయిన మంగళవారం. మేము ఆయన్ని పోగొట్టుకున్నది మాత్రం, నేను పెన్ను అడిగిన రోజున.